కళ్లం మధ్య మేటి

కిందటి వారం మనం కెంచార్లహళ్ళిలో, మునిరత్నమ్మ వాకిట్లో, ఒక నీళ్ళ చెంబు నేల మీద పడిన చోట ఆగాం.

చెంబు అందించింది మునిరత్నమ్మ. అందుకోవలసినవాడు ఆమె తమ్ముడు సీనప్ప. గోడల మీద అంటించే కాగితాల్లో మాత్రం కెప్టెన్ శ్రీనివాస్. రెండు రెక్కల పాత విమానాన్ని టెంకాయ చెట్ల తలల కన్నా కిందికి దించి, గడ కొసన కట్టిన గుడ్డను రెక్క చివరి ఇనప కొక్కెంతో తగిలించుకుని పోవడం అతని విద్య. చిక్కబళ్ళాపురంలో ఆ విద్య చూసిన జనం రెండు రోజులు వేరే మాట మాట్లాడలేదు. బాగేపల్లిలో, చిత్రావతి ఇసుకలో నాటిన గడను అతను మూరెడు తేడాతో తప్పిపోయినప్పుడు, తప్పంతా గాలిదని అందరూ సరిపెట్టుకున్నారు. ఒక్క మునిరత్నమ్మ తప్ప.

ఆమె కావాలనే చెంబును ఎడమ పక్క నుంచి చాచింది. జానెడు దూరంలో ఉన్న చెంబును సీనప్ప చూడలేదు.

చెంబు దొర్లి దొర్లి ఆగింది.

"నాతో రా" అంది మునిరత్నమ్మ.

ఇంటి వెనక పట్టుపురుగులకు వేసే ఆకు తోట, తోట మొదట్లో బావి. సాయంత్రపు ఎండ ఆకుల మీద పలుచగా పరుచుకుని ఉంది. లోపల తట్టల్లో పురుగులు ఆకు తింటున్న చప్పుడు, ఎక్కడో దూరంగా సన్నటి వాన కురుస్తున్నట్టు, బావి దాకా వినిపిస్తోంది.

ఆ సీమలో పిల్లలు అక్షరాల కన్నా ముందు బావి లోతు చదవడం నేర్చుకుంటారు. అక్కడి కొలత మట్టు. ఒక మట్టు అంటే ఒక మనిషి నిలువు. గట్టున బోర్లా పడుకుని లోపలికి తొంగిచూసి, నీళ్ళు ఎన్ని మట్ల కింద ఉన్నాయో చెప్పాలి. చిన్నప్పుడు ఈ పందెంలో సీనప్పను గెలిచినవాడు ఊళ్ళో లేడు. తాడు దించి చూస్తే జానెడు తేడా ఉండేది కాదు.

"ఎన్ని మట్లు ఉండాదో చెప్పు."

సీనప్ప చాలాసేపు చూశాడు. తల ఇటు తిప్పి, అటు తిప్పి చూశాడు.

"నాలుగు."

మునిరత్నమ్మ కడవ దించింది. తాడుకు మట్టుకొక ముడి వేసి ఉంది. ఒక్కో ముడి ఆమె వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. ఏడో ముడి దగ్గర కడవ నీళ్ళను తాకింది.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. సీనప్ప బావి గట్టున కూర్చుని చెప్పాడు. ఆరు నెలల కిందట, చాకవేలు దగ్గర, ఇంజను విప్పి సుత్తితో కొడుతుంటే ఇనప రజను ఎగిరి ఎడమ కంట్లో పడింది. మద్రాసులో డాక్టరు చూసి, ఆ కన్ను ఇక రాదన్నాడు. ఉన్న కంటికి అన్నీ కనిపిస్తాయి. కాగితం మీద చీమ తలకాయంత అక్షరం కూడా చదవగలడు.

"అయితే అంతా గోడకు అంటించిన బొమ్మ మాదిరి ఉంటాదక్కా. ఏది దగ్గరో ఏది దూరమో చెప్పలేను."

మరి ఇన్నాళ్ళూ నేలకు ఎట్లా దిగుతున్నావని ఆమె అడిగింది. ఎద్దులను చూసి, అన్నాడు. ఎద్దు ఎంత పెద్దగా కనిపిస్తే నేల అంత దగ్గర.

"ఎద్దులు లేని చోట?"

"గాడిదలుంటాయి కదా."

ఆమె నవ్వలేదు. అతను తల దించుకున్నాడు.

పది రోజుల్లో బెంగుళూరులో సర్కారు డాక్టరు కళ్ళు పరీక్ష చేస్తాడు. ఆ రోజుతో లైసెన్సు పోతుంది. ఆ సంగతి సీనప్పకు తెలుసు. పోతే పోనీ, రేపొక్కటి చాలు అన్నాడు. రేపు ఆట చింతామణిలో.

చింతామణి అంటే ఏమిటో ఆమెకు వేరే చెప్పాల్సిన పని లేదు. అక్కడ వాళ్ళ తండ్రి ఆదినారాయణప్ప ఉన్నాడు. నాలుగేళ్ళ కిందట కొడుకు విమానం నేర్చుకోవడానికి మద్రాసు పోతానంటే, నేల మీద కాలు ఆనే బుద్ధి వచ్చినప్పుడు రా అని చెప్పి తలుపు వేసుకున్న మనిషి. ఆ తర్వాత కొడుకు రాసిన ఉత్తరాల్లో ఒక్కదానికీ జవాబు లేదు. కిందటి వారం సీనప్ప కడపటి ఉత్తరం రాశాడు. ఇంటికి రానివ్వద్దు, మాట్లాడొద్దు, ఆదివారం పొద్దున ఊరి బయటి మైదానానికి వచ్చి ఒక్కసారి తల పైకెత్తి చూడు, అంతే అని.

"వస్తాడో రాడో" అన్నాడు సీనప్ప. "వచ్చినా పై నుంచి నాకు తెలీదు. ఆయన మాత్రం చూడాల. గడ మీద గుడ్డ తీస్తాండగా చూడాల. అది అయినాక ఈ బండిని ఎవురికైనా ఇచ్చేస్తా."

మునిరత్నమ్మ కడవ పైకి లాగి గట్టున పెట్టింది. చేతులు చీరకు తుడుచుకుంది.

"ముందర ఒక సీటు ఉండాది కదా. దాంట్లో నేను కూచుంటా."

సీనప్ప ఆమె వైపు తిరిగాడు. "చీరతోనా?"

"ఏం, నీ రెక్కల బండికి చీర పడదా?"

"పైన భయమైతాదక్కా."

"కడవ పడిపోతే ఈ బావిలోకి దిగి తెచ్చినదాన్ని. కిందికి పోయేదానికి లేని భయం పైకి పోయేదానికి యాల?"

ఆ బావి గట్టునే ఒప్పందం జరిగింది. విమానం చప్పుడులో మాట వినిపించదు. ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య మాట్లాడుకునే గొట్టం ఎప్పుడో విరిగిపోయింది. కనుక ఆమె తల మీదికి చెయ్యెత్తి వేళ్ళు చూపిస్తుంది. నాలుగు వేళ్ళంటే నాలుగు మట్లు. రెండంటే రెండు. పిడికిలి బిగిస్తే, ఏమీ అడక్కుండా పైకి లేపాలి. ఇంకొక మాట కూడా ఆమె అతనితో అనిపించింది. రేపు దిగిన తర్వాత మళ్ళీ ఎక్కనని. సీనప్ప బావి రాయి మీద చెయ్యి వేసి, ఎక్కనన్నాడు.

*

పొద్దున మంచు ఇంకా విడలేదు. ఊరి పక్క బీడులో విమానం, తడిసిన రెక్కలతో, రాత్రి ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువులా నిలబడి ఉంది.

బీడు మాత్రం పాత బీడు కాదు. రాళ్ళ మీద చక్రాలు ఎగిరెగిరి పడుతున్నాయని మూడు రోజుల కిందట మునిరత్నమ్మ ఊరి పెద్ద వెంకటరమణప్పతో చెప్పింది. కళ్లం మాదిరి చేసిపెట్టండప్పా, చాలు, అంది. రాగి కోతలు అయిన కాలం. కళ్లం చేయడం ఆ ఊరికి ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. మూడు వందల అడుగుల పొడవున గడ్డి చెక్కారు, నీళ్ళు చల్లారు, రాతి గుండ్లు దొర్లించారు, ఆవుపేడతో అలికారు. తాలూకా మొత్తానికి ఇంత పెద్ద కళ్లం లేదని చూసిపోయినవాళ్ళంతా అన్నారు.

మునిరత్నమ్మ కొంగు నడుముకు బిగించి, తమ్ముడి పాత తోలు టోపీ పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. వెంకటరమణప్ప రెక్క దగ్గరికి వచ్చాడు.

"పోయి రాండమ్మా. మీరు వచ్చేలోపల ఇంక మిగిలిన పని కూడా ముగిస్తాము. ఎనిమిదికి గడియ బాగుండాది."

ఆమె తల ఊపింది. ఏ పని మిగిలిందో అడగలేదు. ఆమె ధ్యాసంతా సీటు అంచును పట్టుకున్న తన చేతుల మీదే ఉంది.

కమ్మరి రామచంద్రప్ప ముందున్న చెక్క రెక్కను రెండు చేతులా పట్టుకుని ఒక్క తిప్పు తిప్పాడు. ఇంజను దగ్గింది, అందుకుంది. నేల వెనక్కి పరిగెత్తింది. ఒక చోట పరుగు ఆగిపోయినట్టయింది. మునిరత్నమ్మ కిందికి చూసింది. చక్రానికీ నేలకూ మధ్య వెలుతురు ఉంది.

ఆమె అనుకున్న భయం రాలేదు. మంచు పాలకుండ లోపలిలా తెల్లగా, కదలకుండా పరుచుకుని ఉంది. దాంట్లోంచి అంబాజీదుర్గం కొండ నెత్తి మాత్రం పైకి తేలి ఉంది. కొంచెం అవతల కైవారం కొండ. చాలా దూరాన, పడమట, నంది కొండ ఉందో లేదో అన్నట్టు నీలంగా. ఊళ్ళ మీద పొగ నిలువుగా లేచి, ఒక ఎత్తు దాకా వచ్చి, అక్కడి నుంచి పడమటికి వంగుతోంది. తను పుట్టి పెరిగిన భూమి, అరచేతిలో పెట్టి చూపించినట్టు, ఇంత చిన్నదా అనిపించింది. ఇంత చిన్నదాంట్లో ఒక తండ్రీ కొడుకూ నాలుగేళ్ళు ఎదురుపడకుండా ఎట్లా ఉండగలిగారో అనిపించింది.

చింతామణి మైదానం చీమల పుట్టలా ఉంది. మధ్యలో వెదురు గడ, దాని కొసన అరచేయంత తెల్ల గుడ్డ. సీనప్ప ఒక చుట్టు చుట్టి, ముక్కు దించాడు.

ఆమె చెయ్యెత్తింది. ఐదు. నాలుగు. బావిలోకి చూడటం వేరు. బావి మనిషి మీదికి దూసుకు రాదు. మూడు చూపించేలోపల రెండు అయిపోయింది. గడ పక్కనుంచి విమానం అట్లాగే వెళ్ళిపోయింది. కింద జనం ఓహో అన్నది వినిపించలేదు గానీ వాళ్ళ నోళ్ళు కనిపించాయి.

రెండోసారి ఆమె ముందుగానే వేళ్ళు మార్చింది. సీనప్ప దిగడం ముందుగానే ఆపాడు. రెక్క గుడ్డ కన్నా మూరెడు పైనుంచి పోయింది.

మూడోసారికి విమానం దూరంగా వెళ్ళి తిరుగుతుండగా ఆమె వెనక్కి తిరిగి చూసింది. జనంలోంచి ఒక ముసలాయన ఒంటరిగా నడిచి గడ దగ్గరికి వస్తున్నాడు. ఎవరో అడ్డుపడబోతే చేత్తో తోసేశాడు. గడను వంచాడు. అరచేయంత గుడ్డను పీకి పారేశాడు. తన తలపాగ విప్పి, దాని కొసను గడకు కట్టి, గడను మళ్ళీ నిలబెట్టాడు. గుడ్డ గాలికి విప్పుకుని, పొడవుగా, వెడల్పుగా రెపరెపలాడింది. గుడ్డివాడు కూడా తప్పిపోలేనంత గుడ్డ.

ఆ నేరేడుపండు రంగు అంచు ఆమెకు తెలుసు. ఎద్దును కట్టినా తెగదని ఆయన గొప్పగా చెప్పుకునే నేత అది. అమ్మ పోయిన రోజున కూడా ఆయన బోడితలతో వీధిలోకి వచ్చింది లేదు. ఇప్పుడు మైదానం నడుమ, ఇన్ని వందల మంది ఎదుట, ఎండలో మెరిసే బట్టతలతో పైకి చూస్తూ నిలబడ్డాడు.

రెండు సార్లు తప్పడం చూసి ఆయనకు ఏం అర్థమైందో.

ఆమె చెయ్యెత్తింది. ఐదు, నాలుగు, మూడు. రెండు. గడ్డి పోచలు ఒక్కొక్కటిగా కనిపించాయి. మనుషుల ముఖాలు ఆమె మోకాళ్ళ ఎత్తున వెనక్కి జారిపోయాయి. కుడి రెక్క చివర టక్కుమని చిన్న కుదుపు తగిలింది. తలపాగ కొక్కేనికి చిక్కి, మడతలన్నీ విప్పుకుని, పదిహేను మూరల పొడవున విమానం వెంట ఆకాశంలో ఈదింది.

మునిరత్నమ్మ వెనక్కి తిరిగి నోరంతా తెరిచి చెప్పింది. సీనప్ప చెవి చూపించి తల అడ్డంగా ఊపాడు. వినబడలేదు. మంచి గుడ్డ కట్టినారు అన్నట్టు బొటనవేలు మాత్రం ఎత్తాడు.

*

చిక్కబళ్ళాపురం నుంచి బస్సు మీద రావలసిన పెట్రోలు డబ్బాలు రెండు. వచ్చింది ఒకటి. పోయి రావడానికీ, గుడ్డ మీదికి ఒక్కసారి దూకడానికీ అది సరిపోతుంది. సీనప్ప మూడు దూకాడు. కెంచార్లహళ్ళి కనిపించేసరికి, తల పైనున్న ట్యాంకు కింది గాజులో ముల్లు అడుగుకు ఆనుకుంది.

తూర్పు గాలి. కనుక పడమటి నుంచి, సూర్యుడికి ఎదురుగా దిగాలి. అలికిన కళ్లం పొద్దుటి వెలుతురులో పసుపు పూసిన గడపలా మెరుస్తోంది. కుడి పక్కన ఊరంతా నిలబడి ఉంది. మునిరత్నమ్మ లెక్క మొదలుపెట్టింది. ఐదు. నాలుగు.

కళ్లం నడుమ నేల మీద ఒక నల్లటి గీత ఉంది. పొద్దున లేదు. పామా అనుకుంది. పాము అంత తిన్నగా పడుకోదు. అది నీడ. సన్నగా, పొడవుగా, వాళ్ళ వైపే చాచుకుని ఉన్న నీడ. నీడ ఉంటే దాని మొదట ఏదో నిలబడి ఉండాలి.

అప్పుడు ఆమెకు వెంకటరమణప్ప మాట గుర్తొచ్చింది. మిగిలిన పని.

మేటి నాటకుండా ఎవరైనా కళ్లం వదిలేస్తారా? కళ్లం అన్నాక నట్టనడుమ మేటి అనే నిలువు గుంజ ఉండాలి. ఎద్దులను దానికి కట్టే తొక్కిస్తారు. మేటి లేని కళ్లం, మొగదూలం లేని ఇల్లు. కళ్లం మాదిరి చెయ్యండప్పా అన్నది తనే. వాళ్ళు అక్షరాలా అట్లాగే చేశారు. గడియ చూసి, పాలు కారే మాను తెచ్చి, నిలువెత్తు మేటిని నాటి, పసుపు పూసి, రాగి వెన్నులు కట్టి, ఇప్పుడు సంతోషంగా చెయ్యెత్తి ఊపుతున్నారు.

మునిరత్నమ్మ పిడికిలి బిగించింది.

సీనప్ప ఏమీ అడగలేదు. విమానం ముక్కు ఎత్తి మేటి మీదుగా లేచింది. కింద జనం మురిసిపోయారు. ఊరికోసం ఇంకొక ఆట ఆడుతున్నాడనుకున్నారు. అతను ఎడమకు తిరిగి, మళ్ళీ పడమటికి వచ్చి, తూర్పు ముఖం పెట్టాడు. ఇంజను ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గింది. ఆగిపోయింది.

ముందున్న చెక్క రెక్క, అంతసేపూ కనిపించనిది, అడ్డంగా నిలిచి కనిపించింది.

అంత నిశ్శబ్దం మునిరత్నమ్మ ఎప్పుడూ వినలేదు. రెక్కల తీగల మీద గాలి సన్నగా పాడుతోంది. ఎక్కడో కింద ఒక ఆవు అరిచింది. ఎవరో ఎవరినో పిలిచారు. మొదటిసారిగా ఆకాశంలో అక్కా తమ్ముళ్ళకు ఒకరి మాట ఒకరికి వినబడే వీలు దొరికింది. ఆ వీలు నేల తగిలేదాకానే.

సీనప్ప ఎత్తు అడగలేదు. ఇంజను మాట ఎత్తలేదు.

"అక్కా, నాయన వచ్చినాడా?"

"వచ్చినాడు. నీ రెక్కకు వేలాడేది ఆయన తలపాగనే. ఆయనే విప్పి కట్టినాడు."

సీనప్ప తల తిప్పి, రెక్క వెంట ఈదుతున్న గుడ్డను చూశాడు.

"సీనా."

"ఎండ కంట్లో పడుతాండాదక్కా" అన్నాడు. "ఉన్న ఒక్క కన్నూ తడిసిపోయింది. ఏమీ కనపడలే. నువ్వే చెప్పు."

"మధ్యలో మేటి నాటినారు. కుడి పక్క జనం ఉండారు. ఎడమకు రా. ఇంకొంచెం. చాలు."

"మట్లు?"

ఆమె సీటులోంచి వంగి, చిన్నప్పుడు బావి గట్టున పడుకున్నట్టే బయటికి తల వాల్చింది.

"ఎనిమిది."

గాలి పాట తగ్గింది.

"ఆరు. తొందర వద్దు. ఐదు. నాలుగు. ముక్కు కొంచెం ఎత్తు. మూడు."

పేడ వాసన, పచ్చి మట్టి వాసన ఒక్కసారిగా పైకి వచ్చాయి.

"రెండు. అట్లనే పట్టుకో. ఒకటి. మూర. జాన."

చక్రాలు నేలను తాకాయి. అంత మెత్తగా అతను రెండు కళ్ళున్న రోజుల్లో కూడా ఎప్పుడూ దించలేదు. పసుపు పూసిన మేటి, రాగి వెన్నులతో సహా, కుడి రెక్కకు బారెడు అవతల నుంచి నెమ్మదిగా వెనక్కి నడిచిపోయింది. వెనక సీట్లో సీనప్ప నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు, రెండూ ఒకే చప్పుడుగా.

"దాటినామా అక్కా?"

దాటినాము అని చెప్పడానికి మునిరత్నమ్మ వెనక్కి తిరిగింది.

వాళ్ళు దాటారు. తలపాగ దాటలేదు. వెనక తేలివస్తున్న దాని కొస మేటిని తాకి, ఒక చుట్టు చుట్టుకుని, తనమీద తనే పడి, రెండో చుట్టు చుట్టుకుంది. పదిహేను మూరల నేత గుడ్డ, ఎద్దును కట్టినా తెగనిది, నేల మీద నుంచి లేచి తాడులా బిగిసింది. కుడి రెక్క వెనక్కి గుంజుకుంది. విమానం, కళ్లంలో మొదటి చుట్టుకు కదిలిన ఎద్దులా, మేటి వైపు తిరగడం మొదలుపెట్టింది. చెక్క రెక్క ఇప్పుడు చూస్తున్నది తూర్పును కాదు, కుడి పక్కన నిలబడిన ఊరిని.

"ఏమైందక్కా? ఎవురు పట్టుకున్నారు మనల్ని?"

"నాయన" అంది మునిరత్నమ్మ.

కొత్త కళ్లంలో ఎద్దులు మేటి చుట్టూ తొలి చుట్టు తిరిగేటప్పుడు ఎవరూ అడుగు కదపకూడదన్నది ఆ ఊరి ఆచారం. వెంకటరమణప్ప, అతని వెనక ఊరూ, విమానం తమ మీదికే వస్తున్నా, చేతులు జోడించి, నిలబడ్డ చోటే నిలబడి ఉన్నారు.